ఆకు మీద మచ్చ లేకుండానే తగ్గే గింజ బరువు: తిండిగింజల పైర్లు, గాలి కాలుష్యం

చదరపు మీటరు గోధుమ చేలో 400 కంకులు, కంకికి 35 గింజలు, వెయ్యి గింజల బరువు 40 గ్రాములు అనుకుందాం. గుణిస్తే 560 గ్రాములు, అంటే హెక్టారుకు 5.6 టన్నులు. ఇప్పుడు కంకులూ గింజల లెక్కా అలాగే ఉంచి, వెయ్యి గింజల బరువు ఒక్కటి 36 గ్రాములకు దించండి. దిగుబడి 5.04 టన్నులకు పడిపోతుంది. పంటలో పదో వంతు పోయింది. గట్టు మీద నిలబడి చూస్తే ఈ రెండు చేలకూ తేడా కనబడదు. కంకి పొడవు అదే, గింజల వరసలూ అవే. గింజ కాస్త సన్నగా, పొట్ట దగ్గర కొంచెం లోతుగా ఉంటుంది, అంతే.

తిండిగింజల పైర్ల మీద గాలి కాలుష్యం చేసే నష్టంలో పెద్ద వాటా ఇలాగే జరుగుతుంది. కాలుష్యం మీద రాసే వ్యాసాల్లో తరచుగా మాడిపోయిన ఆకుల ఫొటోలు వేస్తారు. ఆకు మాడితే ఎవరో ఒకరు ఎలాగూ పట్టించుకుంటారు. ఆకు పచ్చగానే ఉండి, కంకి నిండుగానే కనబడి, తీరా కాటా మీద తూగని చేను సంగతే అసలు మాట్లాడాల్సింది. అలాంటి చేలో మొదట అనుమానించాల్సింది నేలకు దగ్గరగా ఉండే ఓజోన్‌ని.

ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండే ఓజోన్ పొర మనల్ని కాపాడుతుంది. అదే వాయువు పైరు ఎత్తులో ఉంటే విషం. దీన్ని ఏ పొగగొట్టమూ నేరుగా వదలదు. వాహనాలు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు, పంట వ్యర్థాల మంటలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లూ, పెట్రోలు ఆవిరి లాంటి కర్బన వాయువులూ ఎండలో కలిసినప్పుడు గాలిలోనే తయారవుతుంది. కాబట్టి గాలి ఆడని, ఎండ కాసే రోజుల్లో మధ్యాహ్నం పూట ఇది ఎక్కువ. రాత్రికి తగ్గిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నగరం నడిబొడ్డున ఓజోన్ ఎక్కువగానూ పల్లెల్లో తక్కువగానూ ఉంటుందనుకుంటారు. తరచుగా దీనికి తిరగబడి ఉంటుంది. రద్దీ రోడ్డు మీద వాహనాలు తాజాగా వదిలే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ని తినేస్తుంది. ఆ గాలి ఎండలో కదులుతూ పదుల కిలోమీటర్ల దూరం పోయేసరికి కొత్త ఓజోన్ పుడుతుంది, దాన్ని తినేంత నైట్రిక్ ఆక్సైడ్ అక్కడ ఉండదు. అందుకే నగరానికి గాలివాలున ఉన్న చేలల్లో, కనుచూపు మేరలో ఒక్క ఫ్యాక్టరీ కూడా లేకపోయినా, నగరంలోకన్నా ఓజోన్ ఎక్కువ ఉండొచ్చు. నగరం నడిమధ్య స్టేషన్ రీడింగులు చూసి చేను సంగతి తేల్చడం సరికాదు.

ఓజోన్ ఆకులోకి పోయే దారి పత్రరంధ్రాలు, అంటే కార్బన్ డయాక్సైడ్ పోయే దారే. లోపల కణాల చుట్టూ ఉండే తడిలో కరిగి, క్షణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ రూపాలుగా విడిపోతుంది. ఆకు తన దగ్గరున్న విటమిన్ సితో వాటిని అణచడానికి చూస్తుంది. ఆ పని ఊరికే జరగదు. గింజకు చేరాల్సిన చక్కెరలో కొంత మరమ్మతుకే ఖర్చవుతుంది. అణచగలిగినదానికి మించితే కణపొరలు చెడతాయి, కిరణజన్య సంయోగక్రియకు మూలమైన రుబిస్కో ఎంజైము తగ్గిపోతుంది, ఆకు తన వయసు రాకముందే ముసలిదవుతుంది. వేళ్ళకు వెళ్ళే ఆహారం కూడా తగ్గుతుంది కాబట్టి వేరు బలం కూడా పడిపోతుంది. ఆ తరవాత బెట్ట వస్తే ఆ చేను త్వరగా వాడుతుంది, మనం నింద బెట్ట మీద వేస్తాం.

గోధుమలో కంకి కింద ఉండే చివరి ఆకును జెండా ఆకు అంటారు, వరిలో పోటాకు. పూత తరవాత గింజలో చేరే పిండిలో పెద్ద వాటా పైన ఉన్న ఒకటి రెండు ఆకులదే. గింజ పాలు పోసుకునే రోజుల్లో ఈ ఆకు నాలుగైదు రోజులు ముందే పండిపోతే, గింజ నిండే గడువు ఆ మేరకు తెగిపోతుంది. పైరు 'కాస్త తొందరగా కోతకొచ్చింది' అనిపిస్తుంది. అందుకే గోధుమకు ఓజోన్ ఎక్కువ చేటు చేసేది పూతకు కొద్ది రోజుల ముందు నుంచి గింజ గట్టిపడేదాకా. అదే మోతాదు దుబ్బు చేసే దశలో తగిలితే కొత్త ఆకులు వస్తూనే ఉంటాయి కాబట్టి పైరు చాలావరకు తేరుకుంటుంది.

నూర్పిడి తరవాత ఏ దశలో దెబ్బ తగిలిందో గింజే చెబుతుంది. చదరపు మీటరుకు కంకులు తగ్గితే పిలకల దశలో ఏదో జరిగింది. కంకికి గింజలు తగ్గి తాలు పెరిగితే పూత చుట్టూ. సంఖ్యలన్నీ సరిగా ఉండి బరువు ఒక్కటే తగ్గితే పూత తరవాత. చివరిదానికి ఓజోన్ ఒక్కటే కారణం కాదు, ఎండ వేడి, నీటి ఎద్దడి, తుప్పు తెగులు కూడా అదే పని చేస్తాయి. అయినా లెక్క ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. మొత్తం దిగుబడి ఒక్క అంకె రాసుకుని ఊరుకుంటే ఏమీ తెలియదు.

ఎంత ఓజోన్ అంటే నష్టం? యూరప్‌లో వాడే కొలత ఏఓటీ40. పగటి వేళ ప్రతి గంట సగటులో 40 పీపీబీ (పీపీబీ అంటే వంద కోట్ల భాగాల గాలిలో ఒక భాగం) దాటిన భాగాన్ని మాత్రమే తీసుకుని కూడుతూ పోవాలి. ఒక రోజు రీడింగులు ఇలా ఉన్నాయనుకోండి: ఉదయం 8కి 28, 9కి 37, 10కి 46, 11కి 55, 12కి 62, ఒంటిగంటకు 68, 2కి 71, 3కి 66, 4కి 58, 5కి 44. మొదటి రెండూ 40 లోపే కాబట్టి సున్నా. మిగిలినవి 6, 15, 22, 28, 31, 26, 18, 4. మొత్తం 150 పీపీబీ గంటలు. గోధుమకు మూడు నెలల్లో 3,000 పీపీబీ గంటలు దాటితే దాదాపు 5 శాతం దిగుబడి పోతుందని లెక్క. ఇలాంటి రోజులు 20 వస్తే చాలు, లెక్క సరిగ్గా ఆ గీతకు చేరుతుంది. అక్కడినుంచి ప్రతి 1,000కి మరో 1.6 శాతం చొప్పున తగ్గుతుంది.

లెక్క వేసేటప్పుడు రెండు పొరపాట్లు తరచుగా దొర్లుతాయి. ఒకటి, రీడింగులు ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటే వాటిలోంచి నేరుగా 40 తీసేయడం. ఓజోన్‌కు 1 పీపీబీ అంటే ఇంచుమించు 2 మైక్రోగ్రాములు, కాబట్టి గీత 80 దగ్గర ఉంటుంది. రెండోది, రోజు సగటుతోనో 8 గంటల సగటుతోనో సరిపెట్టడం. పై రోజు రీడింగుల సగటు 53.5. అందులోంచి 40 తీసి 10 గంటలతో గుణిస్తే 135 వస్తుంది, 150 కాదు. రాత్రి గంటలు కూడా కలిపిన సగటైతే 40 లోపలికే పోవచ్చు, అప్పుడు నష్టం సున్నా అని తేలుతుంది.

ఏఓటీ40కి ఒక లోపముంది. అది గాలిలో ఎంతుందో చెబుతుంది, ఆకులోకి ఎంత పోయిందో చెప్పదు. గాలి పొడిగా, వేడిగా ఉన్న మధ్యాహ్నం పత్రరంధ్రాలు సగం మూసుకుంటాయి. ఓజోన్ 70 ఉన్నా లోపలికి పోయేది తక్కువ. చల్లగా తేమగా ఉన్న రోజు 45 ఉన్నా ఎక్కువే పోతుంది. అందుకే ఇప్పుడు ఉష్ణోగ్రత, గాలి తేమ, నేల తేమ, వెలుతురు, పైరు దశ కలిపి ఆకు లోపలికి చేరిన మోతాదును లెక్కగట్టే పద్ధతి మేలంటున్నారు. నా ఉద్దేశంలోనూ అదే సరైనది. కానీ దానికి కావాల్సిన వివరాలు అన్ని చోట్లా దొరకవు, ఏఓటీ40 లెక్క కాగితం మీద ఎవరైనా వేయొచ్చు.

ఈ లెక్క నీటి విషయంలో ఒక చిక్కు తెస్తుంది. బాగా తడి పెట్టిన పైరు రంధ్రాలు బార్లా తెరుస్తుంది, ఓజోన్‌ని ఎక్కువ పీలుస్తుంది. ఎండిన పైరు తక్కువ పీలుస్తుంది. అలాగని నీరు ఆపడం పిచ్చిపని. పూత, పాల దశల్లో నీటి ఎద్దడి చేసే నష్టం ఓజోన్‌ని తప్పించుకున్న లాభాన్ని మింగేస్తుంది.

అధిక దిగుబడి రకాల్లోనూ ఇదే సమస్య. కొత్త గోధుమ రకాల్లో చాలావాటికి పత్రరంధ్రాల ద్వారా వాయువుల రాకపోకలు ఎక్కువ. ఎక్కువ పండించే శక్తి కొంత అక్కడే ఉంది, ఎక్కువ ఓజోన్ పీల్చే గుణమూ అక్కడే ఉంది. పాత, కొత్త గోధుమ రకాలను పక్కపక్కన పెంచి చూసిన ప్రయోగాల్లో కొత్తవే ఎక్కువ దెబ్బతిన్నాయి. చైనాలో ఆరుబయట పొలంలోనే ఓజోన్ పెంచి చేసిన వరి ప్రయోగాల్లో మామూలు రకాలకన్నా హైబ్రిడ్‌లు ఎక్కువ నష్టపోయాయి. రకాన్ని ఎంచేటప్పుడు తెగుళ్ళ తట్టుబాటు చూసినట్టు ఓజోన్ తట్టుబాటు కూడా చూడాలి. వరిలో కసలాత్ అనే రకం నుంచి ఓజోన్ తట్టుబాటుకు సంబంధించిన జన్యుభాగాలను గుర్తించారు, అంటే సంకరంతో ఆ గుణాన్ని తెచ్చే దారి ఉంది.

తిండిగింజల పైర్లలో గోధుమ అన్నిటికన్నా సున్నితం. వరి, మొక్కజొన్న మధ్యస్థం. బార్లీ బాగా తట్టుకుంటుంది, జొన్న కూడా. 2000 సంవత్సరపు గాలి లెక్కల మీద 2009లో వచ్చిన ప్రపంచ అంచనాలో ఓజోన్ నష్టం గోధుమకు 7 నుంచి 12 శాతం, మొక్కజొన్నకు 3 నుంచి 5 శాతం, వరికి 3 నుంచి 4 శాతం. గింజలో మాంసకృత్తుల శాతం మాత్రం పెరిగినట్టు కనబడుతుంది. అది పెరగడం కాదు, పిండి తగ్గడం. హెక్టారుకు వచ్చే మొత్తం మాంసకృత్తులు తగ్గుతాయి.

మిగిలిన కాలుష్యాలు ఎక్కువగా మూలానికి దగ్గరలోనే నష్టం చేస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్ కూడా రంధ్రాల గుండానే పోయి, లోపల సల్ఫైటుగా మారుతుంది. ఆకు దాన్ని నెమ్మదిగా సల్ఫేటుగా మార్చి వాడుకోగలదు. వచ్చే వేగం మార్చే వేగాన్ని మించితే ఈనెల మధ్య ఆకు దంతం రంగులోకి పాలిపోయి ఎండుతుంది, ఈనెలు పచ్చగా మిగులుతాయి. గంధకం తక్కువైన నేలల్లో కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడ్ ఎరువులా పనిచేస్తుంది కూడా. యూరప్‌లో 1980ల తరవాత పొగను బాగా తగ్గించాక, గోధుమకు విడిగా గంధకం వేయాల్సి వచ్చింది. దీనికి మించిన ఆశ్చర్యం ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఉంది. అక్కడ 1843 నుంచి సాగుతున్న గోధుమ ప్రయోగంలో దాచిపెట్టిన పాత నమూనాల డీఎన్ఏ పరీక్షిస్తే, సెప్టోరియా అనే రెండు శిలీంధ్రపు ఆకుమచ్చ తెగుళ్ళలో ఏది పైచేయి అన్నది ఆ కాలంలో గాలిలోకి వదిలిన సల్ఫర్ డయాక్సైడ్‌తో పాటే మారుతూ వచ్చిందని 2005లో తేలింది. గాలి మారితే చేలో తెగులు కూడా మారుతుంది.

ఫ్లోరైడు తీరు వేరు. ఇటుక బట్టీలు, అల్యూమినియం, ఫాస్ఫేటు ఎరువులు, గాజు ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. ఆకులోకి పోయాక నీటితో పాటు కొసకు చేరి అక్కడే పేరుకుంటుంది, బయటికి పోదు. అందుకే గాలిలో 1 పీపీబీకన్నా తక్కువున్నా వారాల తరబడి ఉంటే కొసలు మాడతాయి. మాడిన భాగానికీ పచ్చ భాగానికీ మధ్య గీత గీసినట్టు ముదురు అంచు ఉంటుంది.

దుమ్ములో సిమెంటు దుమ్ము చెడ్డది. మంచు తడికి కరిగి, పీహెచ్ 11, 12 దాకా పోయి (అంటే ఘాటైన క్షారమై), ఎండకు పెంకులా గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక వాన కూడా పూర్తిగా కడగలేదు. వెలుతురు తగ్గుతుంది, రంధ్రాలు పూడిపోతాయి, ఆకు వేడెక్కుతుంది. పూత మీద పడితే కీలాగ్రం మీద పుప్పొడి మొలకెత్తక తాలు పెరుగుతుంది. కాబట్టి కడగదలిస్తే పెంకు కట్టకముందే, ధారాళంగా నీటి జల్లుతో కడగాలి. కొద్దిగా తడిపి వదిలేస్తే పెంకు కట్టడానికి మనమే సాయం చేసినట్టు. వరిలో పూలు విచ్చుకునేది ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12 లోపు, ఆ వేళ జల్లు వద్దు.

ఇప్పుడు చేలో గుర్తుపట్టడం. ఆకు కోసి ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఓజోన్ మచ్చలు ఆకు పైవైపున, ఈనెల మధ్య, సూదితో పొడిచినంత చుక్కలు. గోధుమలో పాలిపోయిన పసుపు, వరిలో ఎర్రటి గోధుమ రంగు. ముదురాకుల్లో ముందు, అందులోనూ కొస వైపు ముందు. వేలితో రుద్దితే పొడి అంటదు, అంటితే అది తుప్పు తెగులు. మచ్చకు మధ్యలో బూడిద రంగు, చుట్టూ పసుపు వలయం ఉంటే వరిలో అది గోధుమ మచ్చ తెగులు. అంచులు కొస నుంచి కిందికి మాడితే పొటాష్ లోపం చూడండి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో, మడిలో అక్కడక్కడ గుంపులుగా తుప్పు రంగు మచ్చలతో పైరు గిడసబారితే జింకు లోపం. ఓజోన్ ఇలా గుంపులు కట్టదు. చేనంతా ఒకేలా, పక్క చేలోనూ, గట్టు మీది చిక్కుడు తీగ మీద కూడా, ఎండ కాసిన నాలుగైదు రోజుల తరవాత ఒకేసారి కనబడుతుంది. ఒక దిక్కు నుంచి దూరం పోయేకొద్దీ తగ్గుతూ ఉంటే అది ఓజోన్ కాదు, ఏదో పొగగొట్టం. తెగులు మందు కొట్టి ఫలితం లేదని మళ్ళీ కొట్టేముందు ఈ పరీక్ష చేయడం డబ్బుకూ చేనుకూ మంచిది.

రైతు చేతిలో ఉన్న మార్గాలు కొద్దివే. అన్నిటికన్నా పనికొచ్చేది విత్తే తేదీ. ఎండలు ముదిరేకొద్దీ ఓజోన్ పెరిగే ప్రాంతంలో గోధుమ పూత పది రోజులు ముందుకు జరిగితే, గింజ నిండే రోజులు చెడ్డ వారాల్ని కొంత తప్పించుకుంటాయి. ఆ మేరకు స్వల్పకాలిక రకాలూ మేలు. నత్రజని లోపం ఆకును ముందే పండించే గుణంలో ఓజోన్‌కు తోడవుతుంది, కాబట్టి లోపం ఉండనివ్వకూడదు. సిఫారసు మించి వేస్తే మాత్రం రక్షణ రాదు, పైరు పడిపోతుంది. గాలి ఆపడానికి చెట్లు వేసేవారు ఒక సంగతి గమనించాలి: యూకలిప్టస్, పాప్లర్ లాంటివి ఐసోప్రీన్ ఎక్కువ వదులుతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లున్న గాలిలో అది ఓజోన్‌కు ముడిసరుకు. దుమ్ము ఆపడానికి ఆ చెట్లు కాకుండా వేరేవి ఎంచుకోవడం మంచిది.

మీ ప్రాంతంలో ఓజోన్ నిజంగా నష్టం చేస్తోందా అని తేల్చుకోవాలంటే, ఛాంబర్లు (లోపలి గాలిని అదుపు చేసే గదులు) కట్టకుండా చేయగల పరీక్ష ఇథిలీన్ డైయూరియాతో. ఈడీయూ అని పిలిచే ఈ పదార్థం 1970ల చివర్లో వెలుగులోకి వచ్చింది. మొక్కను ఓజోన్ నుంచి కాపాడుతుంది. ఇది పరిశోధనకే, చేలో మందుగా కొట్టడానికి కాదు. ఒకే రకం గోధుమను ఒకే మట్టితో రెండు వరసల కుండీల్లో పెంచండి, వరసకు పదికి తగ్గకుండా. మొలిచిన పది పదిహేను రోజుల నుంచి 10 నుంచి 14 రోజులకోసారి ఒక వరసకు లీటరుకు 300 మిల్లీగ్రాముల ద్రావణం మొక్కకు 100 మిల్లీలీటర్లు మొదలు దగ్గర మట్టిలో పోయాలి, రెండో వరసకు అంతే నీరు. పొడి చల్లటి నీళ్ళలో త్వరగా కరగదు, గోరువెచ్చటి నీళ్ళలో కలపండి. మోతాదు పెంచితే అదే ఆకును కాలుస్తుంది.

ఇందులో జరిగే తప్పు ఒకటే, కానీ పరీక్షనంతా పాడుచేస్తుంది. ఈడీయూ బరువులో దాదాపు 22.6 శాతం నత్రజని. ఒక్కో విడత 30 మిల్లీగ్రాముల మందుతో కుండీకి దాదాపు 7 మిల్లీగ్రాముల నత్రజని చేరుతుంది. రెండో వరసకు వట్టి నీళ్ళే పోస్తే, చివర్లో కనబడే తేడా ఓజోన్‌దో ఎరువుదో తెలియదు. ఆ నీళ్ళలో విడతకు 15 మిల్లీగ్రాముల యూరియా కలిపితే లెక్క సరిపోతుంది. పూత నుంచి రోజు విడిచి రోజు జెండా ఆకులో ఎంత భాగం పచ్చగా ఉందో రాసుకోండి. కోశాక కంకులు, కంకికి గింజలు, వెయ్యి గింజల బరువు విడివిడిగా లెక్కించండి. మందు పోసిన వరసలో జెండా ఆకు కొన్ని రోజులు ఎక్కువ పచ్చగా నిలిచి, గింజల సంఖ్య సమానంగా ఉండి, వెయ్యి గింజల బరువు మాత్రం ఎక్కువ తూగితే, రెండో వరసలో తగ్గిన ఆ గ్రాములే మీ చేలో ఓజోన్ తీసుకుపోతున్న వాటా.